లక్ష తగ్గింపు వెనుక బురద ఉందేమో!

ప్రశ్న: విజయవాడలో ఓ సెకండ్ హ్యాండ్ కారు చూశాం. మార్కెట్ ధర కంటే లక్ష తక్కువకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ లక్ష ఎందుకు తగ్గించారో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. కడిగి పాలిష్ పెడితే పైకి ఏమీ తెలియదు. అందుకే సీటు బెల్టును చివరికంటా లాగండి. మామూలుగా బయటికి రాని ఆ చివరి మూరెడులో బురద చార కనిపిస్తే అనుమానించాల్సిందే. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంటలో ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. మ్యాట్ల కింద ముక్కిన వాసన వస్తే బేరం మానుకోండి. ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు. తడిసిన వైరింగ్ ఎప్పుడు మొరాయిస్తుందో మెకానిక్ కూడా చెప్పలేడు. ఎయిర్‌బ్యాగులు పనిచేయాల్సింది ఆ వైర్ల మీదే.

కారు బాగుందనిపిస్తే కాగితాలు చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి. యాజమాన్య మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలయ్యాక 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు మీ పేరుకు మార్పించుకోండి. సర్వీస్ రికార్డు అడిగితే అమ్మేవాళ్లు తప్పించుకుంటున్నారా? ఆ కారు వదిలేయండి. అందులో మీ పిల్లలు కూర్చోవాలి.