పాలధర పడితే మనకు లాభమేగా?

ప్రశ్న: సూరత్‌లో మగ్గాల పని మాది. ఊళ్లో అన్నయ్య గేదెలు మేపుతాడు. పాలధర పడితే కొనేవాళ్లకు మేలే కదండీ?

జవాబు: ప్యాకెట్ ధర అంత తేలిగ్గా దిగదు. ముందు దెబ్బ రైతుకే. మీ సూరత్ సుముల్ డెయిరీ లాంటి సహకార సంఘాలు పాలకు వెన్న శాతం చూసి డబ్బు కడతాయి. మిగులు పాలతో చేసే పాలపొడి ధర పడిందంటే నిల్వలు పేరుకుంటాయి, డెయిరీల డబ్బు గోదాముల్లో ఇరుక్కుని రైతుకిచ్చే ధర తగ్గుతుంది. 2018లో అదే జరిగితే గుజరాత్ ప్రభుత్వం పొడి ఎగుమతికి 300 కోట్ల సాయం ప్రకటించింది. అదీ మన పన్నుల సొమ్మే. తవుడు, చెక్క ధరలు మాత్రం దిగవు. దాంతో రైతు దాణా తగ్గిస్తాడు, ఆనక పడ్డనే అమ్మేస్తాడు. ఇంకో పడ్డ ఎదిగి పాలకొచ్చేసరికి మూడేళ్లు దాటుతుంది. ఈలోగా కొరతొస్తే పెరిగిన ధర కట్టేది మీరే. అన్నయ్యను చూడి గేదెను మాత్రం అమ్మొద్దనండి.