ఆరడుగుల దూరంలో సంఘం

2020 మార్చి 22. ఆదివారం. ఆ రోజు దేశమంతా జనతా కర్ఫ్యూ. పొద్దున 7 గంటల నుంచి రాత్రి 9 గంటల దాకా ఇల్లు కదలొద్దన్నారు. సాయంత్రం 5 గంటలకు జనం గుమ్మాల ముందుకు వచ్చారు. చప్పట్లు కొట్టారు. పళ్లేలు, గరిటెలు మోగించారు. ఒక్కరోజు ముచ్చటే కదా అనుకున్నారు చాలామంది.

మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా మూసివేత అన్నారు. దాన్నే లాక్‌డౌన్ అన్నాం. ఆ 21 రోజులూ పెరిగి పెరిగి మే నెలాఖరు దాకా పోయాయి.

బస్సులు ఆగాయి. రైళ్లు ఆగాయి. సంతలు లేవు, బడులు లేవు. ఎవరైనా చనిపోతే 20 మందికి మించి పోకూడదన్నారు. తోబుట్టువు చివరిచూపుకు కూడా పోలేక ఇంట్లోనే కూర్చుని ఏడ్చినవాళ్లు ఎందరో.

ఇదంతా ఎందుకు? కరోనా కంటికి కనిపించని క్రిమి. అది ఉన్న మనిషి దగ్గినా, తుమ్మినా, దగ్గరగా మాట్లాడినా తుంపర్లతో, గాలితో బయటకు వస్తుంది. పక్కనున్న మనిషికి అంటుకుంటుంది. అప్పటికి మందు లేదు, టీకా లేదు. దూరంగా ఉండటమే మందు అయింది.

ఏ దూరం?

టీవీలో, ఫోనులో అప్పుడు ఒకటే మాట. "సామాజిక దూరం పాటించండి."

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. సమాజం అంటే మనుషులంతా కలిసి బతకడం. సామాజిక దూరం అంటే మనిషికి మనిషి కాకుండా పోవడం. మన ఊళ్లకు ఆ దూరం కొత్తది కాదు. బావి దగ్గర దూరం. గుడి దగ్గర దూరం. టీ కొట్టులో రెండు రకాల గ్లాసుల దూరం. అది క్రిమి వల్ల వచ్చింది కాదు, కులం వల్ల వచ్చింది. జబ్బు జాగ్రత్తకు ఆ పేరు తగదని చాలామంది అన్నారు. మంచి మాటే అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే మాట మార్చింది. "భౌతిక దూరం" అనమంది. అంటే ఒంటికీ ఒంటికీ మధ్య దూరం. మన దేశంలో అది రెండు గజాలు, అంటే ఆరడుగులు. ఒక చాప పొడవంత. మాటకూ సాయానికీ ఆ కొలత లేదు.

మంగళవారం మీటింగు

పన్నెండు మంది ఉన్న ఒక పొదుపు సంఘాన్ని అనుకుందాం. ప్రతి మంగళవారం ఒక అక్క అరుగు మీద కూర్చుంటారు. పొదుపు కడతారు. పుస్తకం రాస్తారు. పని అయ్యాక కూడా ఒక అరగంట లేవరు. ఆ అరగంటలోనే అసలు సంగతులన్నీ బయటకు వస్తాయి.

లాక్‌డౌన్ వచ్చింది. మంగళవారం వచ్చింది. మీటింగు లేదు. రెండో మంగళవారమూ లేదు. "మీటింగు లేకపోతే ఏం మునిగింది?" అన్నాడు ఒకామె పెనిమిటి. ఏం మునిగిందో రెండు వారాల్లో తెలిసింది. పూలు అమ్మే ఆమెకు బేరం పోయింది. కూలికి పోయే ఇద్దరికి పని పోయింది. ఒంటరిగా ఉండే పెద్దమ్మకు బి.పి. బిళ్లలు అయిపోయాయి. ఈ సంగతులు ఒకరివి ఒకరికి తెలియలేదు. అరుగు లేదు కదా, ఎక్కడ చెప్పుకుంటారు?

అప్పుడు మొదటి లీడరు, రెండో లీడరు ఫోనులో మాట్లాడుకున్నారు. చెరి అయిదు ఇళ్లు పంచుకున్నారు. నీళ్లకు పోయేటప్పుడో, రేషన్‌కు పోయేటప్పుడో మూతికి కొంగు కట్టుకుని ఆ ఇంటి గేటు బయట నిలబడాలి. లోపలికి పోకూడదు. మూడే మాటలు అడగాలి.

"వదినా, బియ్యం ఉన్నాయా? మందులు ఉన్నాయా? మనసు ఎట్లా ఉంది?"

మూడో ప్రశ్న రెండో లీడరు పెట్టింది. మొదట నవ్వారు. తర్వాత ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే. "రోజంతా గోడలు చూస్తున్నా వదినా, పిచ్చెక్కేట్టుంది" అంది పెద్దమ్మ. ఆ రోజు నుంచి ఎదురింటి పిల్ల తన ఫోనుతో రోజూ సాయంత్రం పెద్దమ్మ కూతురికి కలిపి, ఫోను గట్టిగా పెట్టి అరుగు మీద ఉంచేది. తను అవతలికి పోయి నిలబడేది. బిళ్లలు ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చింది.

పూల ఆమెకు వెయ్యి రూపాయలు కావాల్సి వచ్చింది. సంఘం పెట్టెలో డబ్బు ఉంది. కానీ తీర్మానం లేకుండా తీయరాదు. లీడరు ఫోను ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికే ఫోను చేసింది. ఫోను లేని ఇద్దరి దగ్గరకు పోయి గేటు బయట నుంచి అడిగింది. ఎవరు ఏమన్నారో తేదీ వేసి రాసింది. సంతకాలు తర్వాత పెట్టారు. రాయడం వచ్చినందుకు ఆ రోజు సంఘం నిలబడింది.

జూన్‌లో ఆంక్షలు కొంత సడలాయి. అప్పుడు బడి ముందు ఖాళీ జాగాలో కలిశారు. ముగ్గుపిండితో ఆరడుగులకు ఒక గుండ్రం గీశారు. గుండ్రానికి ఒకరు. మూతికి గుడ్డ, మధ్యలో దూరం. ఒకరి మాట ఒకరికి వినబడదు. గట్టిగా మాట్లాడక తప్పదు. ఎన్నడూ గొంతు ఎత్తని కోడలు పిల్ల కూడా ఆ రోజు ఊరంతా వినేట్టు మాట్లాడింది.

వాయిదా అంటే మాఫీ కాదు

ఆ రోజుల్లో ఒక పుకారు పాకింది. బ్యాంకు అప్పులు మాఫీ అయ్యాయని. అది నిజం కాదు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు చెప్పింది వేరు. మార్చి, ఏప్రిల్, మే నెలల కంతులు తర్వాత కట్టుకోవచ్చు అంది. పిమ్మట ఆగస్టు దాకా పొడిగించింది. కంతు ఆగింది, వడ్డీ ఆగలేదు. లెక్క చూడండి. లక్ష రూపాయల అప్పు. నూటికి నెలకు రూపాయి వడ్డీ. నెలకు 1,000. మూడు నెలలకు 3,000. పన్నెండు మంది పంచుకుంటే తలకు 250. చేతిలో డబ్బు ఉన్నవాళ్లు కట్టేయడమే మేలు. లేనివాళ్లకు ఆ వెసులుబాటు ప్రాణం నిలిపింది. ఇటువంటివి ఒక్కరే ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు. నలుగురు మాట్లాడుకుంటేనే తేలుతుంది.

సర్కారు సాయం కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డు కుటుంబానికి 1,000 రూపాయలు. తెలంగాణలో తెల్ల కార్డు ఉన్న ఇంట్లో తలకు 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు. ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాలో నెలకు 500 చొప్పున మూడు నెలలు.

ముళ్లకంప

చాలా ఊళ్లలో దారికి అడ్డంగా ముళ్లకంపలు వేశారు. బయటివాళ్లు రావద్దు, మనవాళ్లు పోవద్దు అన్నారు. భయం అటువంటిది. దాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ కంప అవతల నడిచిపోతున్నవాళ్లు ఎవరు? పట్నంలో పని పోయి, చంకలో బిడ్డతో, నెత్తిన మూటతో వందల కిలోమీటర్లు నడుస్తున్న వలస కూలీలు. మన పాలమూరు జనం ముంబైకి, దుబాయికి పోయినట్టే వాళ్లూ పనికోసం వచ్చినవాళ్లు. హైదరాబాదు దాటాక మేడ్చల్ దగ్గర జాతీయ రహదారి పక్కన ఎందరో వాళ్లకు అన్నం, మజ్జిగ, చెప్పులు ఇచ్చారు. కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న కదిలింది. అది మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు పోయింది.

కంప కంటే చెడ్డది ఇంకోటి ఉంది. కరోనా వచ్చి తగ్గిన మనిషిని కూడా వెలివేయడం. ఆ ఇంటికి పాలు పోయలేదు. పలకరించలేదు. జబ్బును దూరం పెట్టాలి గానీ మనిషిని దూరం పెడితే ఏమవుతుంది? తర్వాత జ్వరం వచ్చినవాళ్లు చెప్పకుండా దాచుకుంటారు. అప్పుడే అది ఊరంతా అంటుకుంటుంది.

కుట్టు మిషను, రేడియో

మాస్కులు దొరకని రోజుల్లో సంఘాల ఆడవాళ్లు మిషన్ల ముందు కూర్చున్నారు. 2020 ఏప్రిల్ నాటికే 27 రాష్ట్రాల్లో 20 వేల సంఘాలు 1 కోటి 90 లక్షలకు పైగా మాస్కులు కుట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని తలపెట్టి, కుట్టే పని సంఘాలకు ఇచ్చారు. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు ఊరుమ్మడి వంటశాలలు నడిపారు. ఎవరింట్లో వాళ్లు ఉండి కుట్టినా, పది మందితో కలిసి పని చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. కూలి డబ్బు సరేసరి.

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు దగ్గర మాచునూరు అనే ఊరు ఉంది. అక్కడ దళిత ఆడవాళ్లు నడిపే రేడియో ఉంది. పేరు సంఘం రేడియో. 2008లో మొదలైంది. మాట్లాడేదీ వాళ్లే, రికార్డు చేసేదీ వాళ్లే. విత్తనాలు, పంటలు, వంటలు, పాటలు అన్నీ వాళ్ల యాసలోనే. మీటింగు పెట్టుకోలేని రోజుల్లో అటువంటి గొంతు విలువ తెలుస్తుంది. దూరపు ఊరి టీవీ చెప్పేది వేరు, ఎరిగిన అక్క చెప్పేది వేరు. ఆ ప్రాంతపు సంఘాల రైతు ఆడవాళ్లు తమ జొన్నలు, కొర్రలు కూడా సాయానికి ఇచ్చారు. పోలీసులకు, ఆరోగ్య సిబ్బందికి, సఫాయి వాళ్లకు అంబలి పోశారు.

ఇల్లే భయమైతే

ఇంట్లో ఉండండి, క్షేమంగా ఉండండి అన్నారు. అందరి ఇల్లూ క్షేమమైనది కాదు. కొట్టే మొగుడితో పగలూ రాత్రీ ఒకే గదిలో ఉండాల్సి వచ్చింది. పుట్టింటికి పోదామంటే బస్సు లేదు. ఆ రోజుల్లో జాతీయ మహిళా కమిషన్‌కు ఫిర్యాదులు పెరిగాయి. ఫోనులో మాట్లాడే వీలు లేనివాళ్ల కోసం 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరు కూడా పెట్టారు. ఇప్పుడైనా, ఎప్పుడైనా 181కి ఫోను చేయొచ్చు. పైసా ఖర్చు లేదు. గేటు బయట నిలబడి "మనసు ఎట్లా ఉంది?" అని అడిగిన వదినకు కళ్లు ఎర్రబడ్డ మనిషి కనబడితే, ఆ నంబరు చెప్పాలి. గట్టిగా కాదు, మెల్లగా.

2021లో రెండోసారి కరోనా ఇంకా గట్టిగా వచ్చింది. అప్పటికి టీకా వచ్చింది. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. క్రిమి మాత్రం పూర్తిగా పోలేదు.

మాట్లాడుకోండి, రాయండి

మీ సంఘం తీర్మానాల పుస్తకంలో 2020 ఏప్రిల్ పేజీ తీయండి. అక్కడ ఏం రాసి ఉంది? ఖాళీగా ఉంటే ఆ నెలలో మీ ఇంట్లో ఏం జరిగిందో అయిదు వాక్యాలు రాయండి.

మీ వాడలో ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరు? వాళ్ల ఇంటికి దగ్గరి సభ్యురాలు ఎవరు? ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాయండి.

181 అంకెను పెద్దగా రాసి, ఆడవాళ్లందరి కంటా పడే చోట అంటించండి.