రెండు ద్రవాలు, ఒకే పద్దు: ఏఎంటీ కార్ల బిల్లులతో వచ్చే చిక్కు

బస్తర్ ప్రాంతంలో, ముఖ్యంగా జగదల్‌పూర్, కిరందుల్, బచేలీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఇటీవల న్యాయవాదుల వద్దకు వస్తున్న కార్ల తగాదాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటున్నాయి: ఏఎంటీ కారు ఘాట్ రోడ్డు మీద గేరు పడక నిలిచిపోతుంది, వర్క్‌షాపు వారు హైడ్రాలిక్ పంపు పోయిందని తేలుస్తారు, ద్రవాన్ని సరిగా చూసుకోలేదు కనుక వారంటీ వర్తించదంటారు, యజమానేమో ‘గేర్ ఆయిల్ మార్చడమైనది’ అన్న ఒక్క పంక్తి ఉన్న బిల్లు పట్టుకొని న్యాయం కోరుతాడు. ఆ ఒక్క పంక్తే కేసును ముంచుతున్నది.

ఏఎంటీ అనగా క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనంతట తాను మార్చుకొనే ఏర్పాటు. 2014లో మారుతీ సెలెరియోతో ఇది మన దేశంలో సామాన్యుల కార్లలోకి వచ్చింది. లోపలి గేరుబాక్సు మాత్రం మామూలు కారులోదే. డ్రైవరు కాలూ చెయ్యీ చేసే పనిని ఒక యంత్రాంగం చేస్తుంది. గేరుబాక్సులో ఉండేది చిక్కని గేర్ ఆయిల్. అది పళ్ళచక్రాల మధ్య రాపిడిని తగ్గించడానికే తప్ప దేనినీ కదపదు. క్లచ్‌నూ గేర్లనూ కదిపే యాక్చుయేటర్ అనే భాగానికి, హైడ్రాలిక్ పద్ధతి వాడే కార్లలో, వేరే చిన్న డబ్బాలో పలుచని హైడ్రాలిక్ ద్రవం ఉంటుంది. విద్యుత్తుతో నడిచే పంపు దానిని టైరులోని గాలి కంటే ఎన్నో రెట్ల ఒత్తిడికి ఎక్కిస్తుంది, అక్యుమ్యులేటర్ ఆ ఒత్తిడిని నిలవ ఉంచుతుంది. కొన్ని కంపెనీల ఏఎంటీలలో ఈ ద్రవమే ఉండదు, ఆ పనిని విద్యుత్ మోటార్లు చేస్తాయి. అందుచేత తన కారు ఏ తరగతిదో యజమాని మాన్యువల్ తెరిచి చూసుకోవడం మొదటి పని. కారు కొన్ననాడు అరలో పెట్టిన ఆ పుస్తకాన్ని కేసు వేసే రోజు వరకు విప్పని వారే ఎక్కువ.

హైడ్రాలిక్ ద్రవం డబ్బా చూడడానికి బ్రేక్ ఆయిల్ డబ్బాలా కనబడుతుంది కనుక తెలియని మెకానిక్ మట్టం తగ్గిందని అందులో బ్రేక్ ఆయిల్ పోస్తాడు. ఖనిజ తైలానికి సరిపోయేలా చేసిన రబ్బరు సీళ్ళు బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. మట్టాన్ని కూడా వ్యవస్థలోని ఒత్తిడి దించిన తరువాతనే చూడాలి. ఒత్తిడి ఉండగా తక్కువగా కనిపించిన ద్రవానికి పై నుంచి పోస్తే అక్యుమ్యులేటర్ ఖాళీ అయినప్పుడు డబ్బా పొంగుతుంది. ద్రవం మార్చిన పిమ్మట గాలి తీసి, స్కానర్‌తో క్లచ్ పట్టుకొనే బిందువును మళ్ళీ నమోదు చేయించవలసి ఉంటుంది. గేర్ ఆయిల్ మార్పిడికి వీటిలో ఏదీ అక్కరలేదు. అంటే ఇవి రెండు వేర్వేరు పనులు, రెండు వేర్వేరు ద్రవాలు. కాబట్టి బిల్లులో రెండు వేర్వేరు పద్దులు ఉండితీరాలి. ‘గేర్ ఆయిల్’ అన్న ఒకే పద్దుతో బిల్లు తీసుకోరాదు.

ఈ వ్యాసానికి ప్రేరణ అయిన తాజా వివాదం ఇలా నడిచింది. కిరందుల్‌లో ఉంటున్న ఒక కుటుంబం పండుగకు విశాఖపట్నం వెళ్ళినప్పుడు అక్కడి వర్క్‌షాపులో ‘రెండు ఆయిళ్ళూ’ మార్చమని నోటితో చెప్పి, ఒకే పంక్తి ఉన్న బిల్లు తీసుకొని, పని తృప్తిగా ఉన్నదన్న కాగితం మీద చదవకుండా సంతకం చేసింది. కొన్ని నెలలకు కేశకాల్ ఘాట్ మలుపుల్లో గేరు పడడం మానేసింది. కారును లాగించుకొని పోయిన రాయపూర్ వర్క్‌షాపు యూనిట్ విప్పి, సీళ్ళు ఉబ్బాయని, ఎవరో బ్రేక్ ఆయిల్ పోశారని చెప్పి, పాత ద్రవాన్ని పారబోసి, భారీ బిల్లు చేతిలో పెట్టింది. తాము గేర్ ఆయిల్ తప్ప మరేదీ ముట్టుకోలేదని విశాఖ వర్క్‌షాపు వాదం. బిల్లు ఆ వాదానికే సాక్ష్యం పలుకుతున్నది. పరీక్షకు పంపడానికి ద్రవం చుక్క కూడా మిగలలేదు. యూనిట్ విప్పే ముందు కనీసం ఒక గాజు సీసాలో నమూనా పట్టించి, వర్క్‌షాపు వారి సంతకంతో సీలు వేయించాలన్న ఆలోచన ఆ కుటుంబంలో ఎవరికీ రాలేదు.

ఇంత జరిగినా చట్టం పూర్తిగా చేయి వదలలేదు. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, పని ఎక్కడ జరిగినా ఫిర్యాదుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. బస్తర్ వారు ఇందుకోసం విశాఖకో రాయపూర్‌కో తిరగనక్కరలేదు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయలు దాటనంత వరకు ఫీజు లేదు. బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయమైన వాణిజ్య పద్ధతి అని అదే చట్టం 2(47) సెక్షన్ చెబుతున్నది. అయినా ‘పక్కా బిల్లయితే జీఎస్టీ పడుతుంది, కచ్చాది రాసిస్తాను’ అనే మాటకు లొంగిన యజమాని కొద్దిపాటి పన్ను మిగుల్చుకొని మొత్తం కేసు పోగొట్టుకుంటాడు. వస్తువు లోపం పరీక్షించనిదే తేలనప్పుడు నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉన్నది. ఆ పరీక్ష జరగాలంటే నమూనా ఉండాలి. టాక్సీగా తిప్పే కారు విషయంలో అది వాణిజ్య ప్రయోజనమన్న అభ్యంతరం వస్తుంది. స్వయం ఉపాధితో జీవనం కోసం యజమానే నడుపుకొంటున్నట్లయితే ఆ సంగతి ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి.

బయటి గ్యారేజీలో పని చేయించినందుకే వారంటీ మొత్తం రద్దు అనే బెదిరింపును వెంటనే నమ్మరాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆదేశం అటువంటి గంపగుత్త షరతు కూడదనీ, బయటి పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చుననీ చెప్పింది. దాని మీద కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి కనుక దాని ఒక్కదాని మీదే ఆధారపడడం కూడా తెలివి కాదు. హైడ్రాలిక్ ద్రవం ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో సర్వీసు పుస్తకంలోనే లేకపోతే, మార్చలేదన్న కారణం నిలవదు. ఆ పుట జిరాక్సు ఫిర్యాదుకు జతపరచాలి. ఇక కొత్త కారే ఇప్పించమని పట్టుబట్టేవారు, వారంటీ కింద కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనని 2006లో మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పినదానిని గుర్తుంచుకోవడం మంచిది.

డబ్బు కట్టనిదే కారు ఇవ్వమనే వర్క్‌షాపుకు, చేసిన పని మేరకు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అండ ఉన్నది. అక్కడ గొడవపడకుండా డబ్బు చెల్లించి, బిల్లు ప్రతి మీద ‘అభ్యంతరంతో చెల్లించడమైనది’ అని తేదీతో రాసి, తృప్తి పత్రం మీద సంతకం నిరాకరించి, తీసిన పాత భాగాలను సంచీలో వెంట తెచ్చుకోవాలి. గడువు వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళు; వర్క్‌షాపు మేనేజరు ఫోనులో ‘పైకి పంపాం, చూస్తున్నాం’ అంటూ దొర్లించే నెలలు ఆ రెండేళ్ళలోనే కరిగిపోతాయి. కిరందుల్ కుటుంబం తరఫున ఇప్పుడు పంపిన రిజిస్టర్డ్ నోటీసు విశాఖ వర్క్‌షాపును అడిగినది ఒక్కటే: ఆ రోజు జాబ్ కార్డు నకలు, స్టోర్ నుంచి ఆ కారు పేరిట విడుదలైన ద్రవాల పార్ట్ నంబర్లతో సహా. హైడ్రాలిక్ ద్రవం పేరు స్టోర్ పుస్తకంలో కనబడితే బిల్లులోని ఒంటి పంక్తి వర్క్‌షాపుకు రక్షణగా నిలవదు. కనబడకపోతే మాత్రం ఆ కుటుంబం రాయపూర్ బిల్లు సొంతంగా భరించవలసి రావచ్చు.