పరుగు మానిన కుక్కకు రెండు గదులు చాలు

ప్రశ్న: హోసూరులో రెండు గదుల అద్దె ఇల్లు మాది. వేటకు వాడి వదిలేసిన చిప్పిపారై కుక్కను ఒక సంస్థ తరఫున ఏళ్ల తరబడి సాకగలమా?

జవాబు: నిక్షేపంగా సాకగలరు. ఇల్లు ఇరుకన్న బెంగ వద్దు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో పందేల నుంచి తప్పించిన గ్రేహౌండ్లు ఫ్లాట్లలోనూ హాయిగా ఉంటున్నాయి. గంటకు 70 కిలోమీటర్ల దాకా ఉరికే ఆ కుక్కకు రోజులో ఎక్కువ భాగం నిద్రే. చిప్పిపారైదీ అదే వాటం: లోతైన ఛాతీ, పీలగా నడుము, కొవ్వు పట్టని ఒళ్లు. అందుకే గదులు లెక్కపెట్టడం మాని గేటు గడియ చూసుకోండి. ఇది కంటితో వేటాడే జాతి. పిల్లి కదిలిందంటే మీ పిలుపు దాని చెవికెక్కదు. ముసలిదైతే మానుతుందిగా అంటారేమో, కాళ్లు నెమ్మదించినా చూపు ఊరుకోదు. తల సన్నం కాబట్టి మామూలు పట్టీ జారిపోతుంది, లాగితే బిగిసే వెడల్పు పట్టీ వేయండి. కుందేలు వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, కొండల వైపు వదలొద్దు.

సొంతం కాని కుక్కకు ఖర్చు ఎవరిదన్న అనుమానం న్యాయమైనదే. మందుల ఖర్చు ఎవరిదో, ఇంటి ఓనరు ఒప్పుకున్నారో ముందే కాగితం మీద పెట్టించండి. ఆపరేషన్ అవసరమైతే ఇది హౌండ్ అని డాక్టరుకు చెప్పండి. గ్రేహౌండ్లు కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటాయి. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి హోసూరు చలికి బొంత పరవండి. వేడి ఎక్కువుండే కృష్ణగిరి వెళితే ఎండెక్కకముందే తిప్పండి.