పంటికి తెల్ల ఫిల్లింగా? గంట పర్మిషన్ పెట్టండి

దవడపంటి మీద నల్లటి చుక్క కనబడుతుంది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. సరిగ్గా ఈ దశలోనే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లం చాలామందిమి ఊరుకుంటాం. నెలాఖరు పనులు కానీ, పండక్కి ఊరెళ్లొచ్చాక చూద్దాం అనుకుంటాం. ఒక్క పూటలో, ఒక్క ఫిల్లింగుతో తేలిపోయే పన్ను అది. పుచ్చు నరం దాకా దిగిందంటే రాత్రిళ్లు సలుపు మొదలవుతుంది. ఆ తర్వాత రూట్ కెనాల్, దాని మీద క్యాపు, వాటి కోసం రెండు మూడు సార్లు తిరగడం, తిరిగినన్ని పూటలూ సెలవు. ఊరిని బట్టి, క్లినిక్‌ని బట్టి తేడా ఉన్నా వెయ్యి, రెండు వేలతో పోయే ఖర్చు పది వేల దాకా పాకడం మామూలే.

వెళ్లేటప్పుడు మాత్రం చేతిలో సమయం పెట్టుకుని వెళ్లండి. ఇప్పుడు చాలా క్లినిక్‌లలో పెట్టేది పంటి రంగులో కలిసిపోయే కాంపోజిట్. పాత వెండి సిమెంటుకీ దీనికీ పని తీరులోనే తేడా ఉంది. వెండి సిమెంటు గుంటలో కూరి నొక్కితే ఇరుక్కుని నిలబడుతుంది, కాస్త తడి తగిలినా ఓర్చుకుంటుంది. కాంపోజిట్ పంటికి అతుక్కుని నిలబడాలి. అతుకుతున్న క్షణంలో ఉమ్మి తగిలినా, చిగురు నుంచి కాస్త రక్తం ఊరినా పట్టు తగ్గిపోతుంది. ఆ రోజు మీకేమీ తెలియదు, అద్దంలో చూసుకుంటే పన్ను ముచ్చటగానే ఉంటుంది. కొన్నాళ్లకు అంచు వెంట గోధుమరంగు గీత పడుతుంది, దాని కింద మళ్లీ పుచ్చు మొదలవుతుంది. అందుకే లంచ్ టైములో దూరి, రెండింటికల్లా సీట్లో ఉండాలండీ అని డాక్టరు గారిని తొందరపెట్టకండి. గంట పర్మిషన్ పెట్టండి. రెండు పళ్లయితే ఒక పూట సెలవే పెట్టండి.

ఆ గంట ఎటు పోతుందో తెలిస్తే మీకూ కుర్చీలో ఓపిక ఉంటుంది. పుచ్చు లోతుగా ఉంటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది పట్టేదాకా ఆగుతారు. పుచ్చిన భాగం తీసేశాక పన్ను చుట్టూ దూది చుట్టలు పెడతారు, లేదా ఆ పన్ను ఒక్కటే బయటికి కనబడేలా పలుచని రబ్బరు పొర బిగిస్తారు. రబ్బరు పొర బిగించే డాక్టరు దొరికితే వదులుకోకండి. మొదట ఊపిరాడనట్టు అనిపించినా ముక్కుతో మెల్లగా గాలి పీలిస్తే అలవాటైపోతుంది. తర్వాత చిన్న సిరంజితో ఓ జెల్ పూస్తారు. చాలావరకు అది నీలం రంగులో ఉంటుంది. అది 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం. కొన్ని సెకన్లు ఉంచి, కడిగి, గాలితో ఆరబెడితే మెరిసే ఎనామెల్ కాస్తా సుద్ద రాసినట్టు తెల్లగా మారుతుంది. పైకి కనబడని సన్నటి గరుకు అది, జిగురు పట్టుకునేది అక్కడే. ఈ కిటుకును 1955లో బ్యూనోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు బయటపెట్టాడు. మనం ఇవాళ పెట్టించుకునే కాంపోజిట్ ఫిల్లింగులు దాని మీదే నిలబడ్డాయి.

జిగురు పూశాక కాంపోజిట్‌ను ఒకేసారి కూరరు. మామూలు రకమైతే రెండు మిల్లీమీటర్ల మందాన ఒక్కో పొర వేసి, ప్రతి పొర మీదా నీలి వెలుగు పట్టి గట్టిపరుస్తారు. వెలుగు అంతకంటే లోతుకు సరిగా దిగదు. పైగా గట్టిపడేటప్పుడు ఈ పదార్థం కొద్దిగా కుంచించుకుంటుంది. ఒకేసారి మందంగా వేస్తే ఆ లాగుడుకు అంచులు విడిపోవచ్చు. పొరలు ఎక్కువైతే సమయమూ ఎక్కువే. అన్నట్టు, ఆ వెలుగు లేజర్ కాదు, ఎల్‌ఈడీ దీపం. లేజర్ ఫిల్లింగు అని చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే ఏం వాడతారో విడమరిచి చెప్పమనండి.

ముందుపన్నయితే రంగు ఎంపిక పని మొదలుకాక ముందే, వీలైతే పగటి వెలుతురులో జరగాలి. నోరు తెరిచి కాసేపు ఉంచితే పన్ను ఆరిపోయి ఉన్నదానికన్నా తెల్లగా కనబడుతుంది. అప్పుడు రంగు కలిపితే మర్నాటికి తేడా తెలిసిపోతుంది. అందుకని ముందుపళ్లకు రాత్రి ఎనిమిదింటి అపాయింట్‌మెంటు కంటే పొద్దుటిపూట మేలు. పళ్లు తెల్లబరిపించుకునే ఆలోచన ఉంటే అది ముందు చేయించుకుని, రెండు వారాలు ఆగి ఫిల్లింగుకు వెళ్లండి. పన్ను తెల్లబడినా దాని పక్కనున్న ఫిల్లింగు తెల్లబడదు.

మత్తు ఇంజెక్షన్ ఇస్తే పెదవి, నాలుక రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటాయి. పాఠాలు చెప్పేవాళ్లు, కాల్ సెంటర్లో మాట్లాడేవాళ్లు డ్యూటీ అయ్యాకే వెళ్లడం మంచిది, మాట తడబడుతుంది. మొద్దు వదిలేదాకా టీ, భోజనం వద్దు. తెలియకుండా బుగ్గ కొరుక్కుంటారు, వేడికి నోరు కాలినా తెలియదు. మొద్దు వదిలాక మాత్రం మామూలుగా తినొచ్చు, కాంపోజిట్ కుర్చీలోనే గట్టిపడిపోతుంది. నైట్ షిఫ్ట్ దిగి ఖాళీ కడుపుతో నేరుగా వెళ్లకండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు టిఫిన్ చేసి, రోజూ వేసుకునే మాత్రలు వేసుకునే వెళ్లాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి.

పాత వెండి సిమెంటు బాగానే ఉంటే దాన్ని తవ్వించి తెల్లది పెట్టించుకోమని నేను చెప్పను. అందులో సగం పాదరసమన్నది నిజమే. పర్యావరణం కోసం యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాని వాడకం ఆపేసిందన్నదీ నిజమే. అయినా చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని వైద్యపరమైన అవసరం లేకుండా తీయించుకోవద్దని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. తవ్వేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది.

డబ్బు సంగతికొస్తే, నెల జీతం 21,000 రూపాయల లోపుండి ఈఎస్‌ఐ కోత పడుతున్నవాళ్లు ముందు తమ డిస్పెన్సరీలో అడగాలి. పెద్ద ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో పళ్ల విభాగం ఉంటుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఖర్చు బాగా తక్కువ. సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి పూట సెలవు పెట్టుకునే వెళ్లాలి. పొడిగా ఉంచి పొర మీద పొర వేయాల్సిన ఈ పనికి నిదానంగా కదిలే చెయ్యి మంచిదే. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. మీ పాలసీలో ఓపీ ఖర్చులు కూడా ఉన్నాయేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఉంటే బిల్లు మీద ఏ పన్నుకు ఏ పదార్థం పెట్టారో రాయించుకోండి.

కుర్చీ దిగే ముందు పళ్ల మధ్య రంగు కాగితం పెట్టి కొరకమంటారు. ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుకుంటుంది, అక్కడ అరగదీస్తారు. నోరు మొద్దుగా ఉన్నప్పుడు ఎత్తు సరిగా తెలియదు, కాబట్టి మొహమాటపడకుండా మరో రెండుసార్లు చూడమనండి. ఇంటికొచ్చాక చల్లటివి తగిలి జివ్వుమనడం కొన్ని రోజులు ఉండి తగ్గుతుంది. కొరికినప్పుడల్లా ఆ పన్నే ముందు తగిలి నొప్పెడుతుంటే ఎత్తు మిగిలిందన్నమాట. మళ్లీ వెళితే కాస్త అరగదీసి పంపిస్తారు. రాత్రిపూట దానంతటదే సలుపుతున్నా, వేడి తగిలాక నొప్పి ఎంతసేపటికీ తగ్గకపోయినా నరం దెబ్బతిన్నదేమో చూడాలి. నొప్పి మాత్రలు మింగుతూ ఆదివారం దాకా నెట్టుకురాకుండా మర్నాడే చూపించుకోండి.