మైనింగ్ మెషిన్ కొనేముందు కరెంటు బిల్లు చూడు



పాత యాంట్‌మైనర్ ఎస్9 అనే బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్ ఒకటి చౌకగా దొరుకుతోందనీ, మేడ మీద గదిలో పెట్టి నడిపితే బీటెక్ చదువుకుంటూనే నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చనీ రాశావు. మీ నాన్న ‘మామయ్యను అడిగి చెయ్యి’ అన్నాడట. జవాబు ముందే చెప్పేస్తాను, మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకో. డబ్బు కోసమైతే కొనొద్దు. నేర్చుకోవడానికైతే అంతకంటే చౌకైన దారులు చాలా ఉన్నాయి. ఎందుకంటున్నానో లెక్కలతో సహా కింద రాస్తున్నాను.

మైనర్ చేసే పని పైకి కనిపించేంత గొప్పదేం కాదు. బిట్‌కాయిన్ లావాదేవీలు ఇంచుమించు పది నిమిషాలకోసారి ఒక బ్లాకుగా చేరతాయి. ప్రతి బ్లాకుకూ 80 బైట్ల హెడర్ ఉంటుంది. అందులో ఆరు గడులు: వెర్షన్ నంబరు, కిందటి బ్లాకు హాష్, లావాదేవీలన్నిటినీ కుదించిన మెర్కిల్ రూట్, సమయం, కష్టం స్థాయి, చివర్న నాన్స్ అనే అంకె. యంత్రం ఆ నాన్స్‌ను మారుస్తూ, హెడర్‌ను రెండుసార్లు ఎస్‌హెచ్ఏ-256 అనే హాష్ ఫార్ములాలో వేసి, వచ్చిన సంఖ్య నెట్‌వర్క్ పెట్టిన హద్దుకు లోపల ఉందో లేదో చూస్తుంది. లేకపోతే మళ్లీ మొదలు. నాన్స్‌కు దాదాపు 430 కోట్ల విలువలు ఉంటాయి. అవన్నీ అయిపోతే సమయాన్నో, లావాదేవీల వరసనో కాస్త కదిపి ఇంకో విడత. ఇందులో తెలివికి చోటు లేదు. ఎవరు సెకనుకు ఎక్కువసార్లు ప్రయత్నిస్తే వాళ్లకు అవకాశం ఎక్కువ. అందుకే ఇది ముందు యంత్రాల పోటీ అయింది, తర్వాత కరెంటు రేట్ల పోటీ అయింది.

మొదట్లో ఇది నిజంగానే ఇంటి సరదా. 2009 జనవరి 3న సతోషి నకమోటో పేరుతో మొదటి బ్లాకు పుట్టినప్పుడు మామూలు కంప్యూటర్ చాలు, బ్లాకుకు 50 కాయిన్లు బహుమతి. బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌లో ఉండే జేమ్స్ హొవెల్స్ అప్పట్లో లాప్‌టాప్ మీదే వేల కాయిన్లు మైన్ చేశానంటాడు. వాటి తాళంచెవి ఉన్న హార్డ్ డిస్క్ 2013లో చెత్తలోకి పోయింది. ఆ చెత్తదిబ్బ తవ్వించమని వేసిన కేసును 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. ఫ్లోరిడాలో ప్రోగ్రామర్ లాస్లో హన్యెజ్ 2010లోనే గ్రాఫిక్స్ కార్డుతో మైనింగ్ చేసి చూపించాడు. ఆ ఏడాది మే 22న రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చినవాడూ అతనే. అప్పటికి వాటి విలువ నలభై చిల్లర డాలర్లు.

2013లో ఎస్‌హెచ్ఏ-256 తప్ప మరో పని రాని చిప్‌లు, అంటే ఏసిక్‌లు, బజారులోకి వచ్చాయి. ఆ రోజుతో లాప్‌టాపులూ గ్రాఫిక్స్ కార్డులూ బిట్‌కాయిన్ పోటీలోంచి తప్పుకున్నాయి.

నువ్వు చూసిన ఎస్9 ఆ జాతిదే. 2016లో వచ్చింది. సెకనుకు 13.5 టెరాహాష్‌లు (టెరాహాష్ అంటే లక్ష కోట్ల ప్రయత్నాలు), సుమారు 1,350 వాట్లు. ఆ రోజుల్లో దానికి తిరుగులేదు. ఇప్పుడు ఎస్21 అనే మోడల్ 200 టెరాహాష్‌లు ఇస్తూ 3,500 వాట్లు తీసుకుంటుంది. టెరాహాష్‌కు ఎస్9 నూరు వాట్లు తింటే, ఎస్21 పదిహేడున్నర వాట్లతో సరిపెట్టుకుంటుంది. యంత్రం ధర కంటే ముందు చూడాల్సిన అంకె ఇదే.

బహుమతి సంగతి. సుమారు నాలుగేళ్లకోసారి, అంటే 2,10,000 బ్లాకులకోసారి, అది సగానికి పడిపోతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125. రోజుకు 144 బ్లాకుల చొప్పున ప్రపంచమంతటికీ కలిపి 450 కాయిన్లు. ఆ 450ని పంచుకునే మొత్తం శక్తి 2025లో ఒక జెటాహాష్‌కు, అంటే వంద కోట్ల టెరాహాష్‌లకు చేరింది.

ఇక పెన్ను తీసుకో. ఒక టెరాహాష్‌కు రోజుకు వచ్చేది 450 కాయిన్లలో వంద కోట్ల వంతు, అంటే 45 సతోషిలు (కాయిన్‌లో పది కోట్ల వంతు ఒక సతోషి). లెక్క సులువు కోసం కాయిన్ ధర 80 లక్షల రూపాయలు అనుకుంటే, అది 3 రూపాయల 60 పైసలు. ఎస్9కు 13.5 టెరాహాష్‌లు కాబట్టి రోజుకు రూ.49 వస్తుంది. అదే రోజు అది తాగే కరెంటు 32 యూనిట్ల పైమాటే. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఇంటి మీటరు నెలకు 400 యూనిట్లు దాటితే యూనిట్ తొమ్మిది రూపాయల పైనే. తొమ్మిదిన్నర చొప్పున వేసుకో: రూ.308. నలభై తొమ్మిది రూపాయలు రాబట్టడానికి మూడు వందల ఎనిమిది రూపాయలు!

పైగా నెలకు 970 యూనిట్లు కొత్తగా చేరితే, మీ ఇల్లు ఇప్పుడున్న స్లాబు వదిలి పై స్లాబుకు ఎక్కుతుంది. ట్రూ అప్ చార్జీలు వాటి దారిన అవి వస్తూనే ఉంటాయి.

‘కొత్త ఎస్21 కొంటే?’ అంటావేమో. రోజుకు రూ.720 వస్తుంది. 84 యూనిట్లకు రూ.798 పోతుంది. దిగుమతి సుంకంతో కలిపి లక్షలు పోసి కొన్న యంత్రం రోజుకు రూ.78 నష్టంతో మొదలవుతుంది. పూల్ (మైనర్లు కలిసి పనిచేసి బహుమతి పంచుకునే గుంపు) ఫీజు, గదికి ఏసీ, ఫ్యాన్లలో దుమ్ము, రెండేళ్లకు పడిపోయే రీసేల్ ధర ఇందులో కలపలేదు. ఇదే యంత్రం అమెరికాలో సగటు ఇంటి రేటుకు నడిచినా నష్టమే. కాయిన్ 80 లక్షలుంటే అది గిట్టుబాటు కావడానికి యూనిట్ తొమ్మిదిన్నర సెంట్ల లోపు ఉండాలి, అక్కడి ఇళ్ల సగటు రేటు అంతకంటే చాలా ఎక్కువ. లాభాలు గడించే పెద్ద కంపెనీలు టెక్సస్ వంటి చోట్ల కరెంటును టోకున, ఇళ్ల రేటులో చిన్న భాగానికి కొంటాయి. ఇంట్లో ఒక మెషిన్ పెట్టుకున్నవాళ్లు పోటీ పడేది వాళ్లతోనే.

చౌక కరెంటు దొరికిన చోట ఏమైందో కూడా తెలుసుకో. న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్ చిన్న ఊరు, జలవిద్యుత్తు అగ్గువ. మైనర్లు వచ్చి వాలేసరికి కోటా దాటిపోయి ఊళ్లోవాళ్ల బిల్లులు పెరిగాయి. 2018 మార్చిలో ఊరు కొత్త మైనింగ్ కేంద్రాలను 18 నెలలు ఆపేసింది. మలేసియాలోని మిరిలో కొందరు లైన్ల నుంచి కరెంటు దొంగిలించి మెషిన్లు నడిపారు. 2021లో పోలీసులు పట్టుకున్న 1,069 మెషిన్లను వరసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించారు.

మన దగ్గర కరెంటు తర్వాత పెద్ద దెబ్బ పన్ను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో మీద వచ్చే ఆదాయానికి 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. కొన్న ధర తప్ప వేరే ఖర్చేదీ తీసేసుకోవడానికి లేదు. మైన్ చేసిన కాయిన్‌కు కొన్న ధరంటూ ఉండదు. మైనింగ్ యంత్రాలకూ ఏర్పాట్లకూ పెట్టిన ఖర్చు కొన్న ధర కిందికి రాదని 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభకు ఇచ్చిన జవాబులో చెప్పారు. కరెంటు బిల్లు చూపించి తగ్గించమనడానికీ దారి లేదు. అంటే ఎస్21 రోజుకు తెచ్చే రూ.720 అమ్మితే పన్ను, సెస్సు కలిపి సుమారు రూ.225 పోతుంది. నష్టం రూ.78 కాస్తా రూ.300 దాటుతుంది. నష్టపోతున్న వ్యాపారం మీద కూడా పన్ను కట్టే వింత ఇది. ఆ నష్టాన్ని మరో ఆదాయంలో సర్దుకోవడానికీ వీల్లేదు.

సోలార్ పెట్టుకుంటే కరెంటు ఉచితమే కదా అన్నది తర్వాతి ప్రశ్న. మూడు కిలోవాట్ల పలకలు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. ఎస్21కి 84 కావాలి. అలాంటివి ఏడు పెట్టినా రాత్రిళ్లు గ్రిడ్ నుంచి తెచ్చుకోవాల్సిందే. అదీగాక ఆ పన్నెండు యూనిట్లు ఇంటి బిల్లులో తగ్గితే, పై స్లాబులో ఉన్నవాళ్లకు యూనిట్‌కు తొమ్మిది రూపాయలు నేరుగా మిగిలినట్టే. మైనింగ్ ఆ మాత్రం కూడా ఇవ్వదు.

‘కాయిన్ ధర రెండింతలైతే?’ ఇది అందరూ అడిగేదే. నెట్‌వర్క్ 2,016 బ్లాకులకోసారి, అంటే రెండు వారాలకోసారి, తన కష్టాన్ని తానే సరిచేసుకుంటుంది. ధర పెరిగితే కొత్త మెషిన్లు వచ్చి చేరతాయి, కష్టం పెరుగుతుంది, నీ వాటా తరుగుతుంది. దీనికి విరుద్ధంగా కూడా ఒకసారి జరిగింది. 2021లో చైనా మైనర్లను వెళ్లగొట్టినప్పుడు జులై 3న కష్టం ఒక్క దెబ్బన దాదాపు 28 శాతం పడిపోయింది. కానీ చౌక కరెంటు వెతుక్కుంటూ ఆ మెషిన్లు వేరే దేశాల్లో తేలేసరికి మిగిలినవాళ్ల పండగ ముగిసింది. ధర పెరుగుతుందని గట్టి నమ్మకం ఉన్నవాళ్లకు, కరెంటుకు కట్టే రూ.308తో నేరుగా కాయిన్ కొనుక్కుంటేనే ఎస్9 ఇచ్చేదానికి ఆరింతలు వస్తుంది. కొనమని చెప్పడం లేదు, లెక్క చెబుతున్నానంతే.

గ్రాఫిక్స్ కార్డులతో ఈథీరియమ్ అనే మరో క్రిప్టోను మైన్ చేసినవాళ్ల కథ కూడా విను. 2021లో గేములాడే పిల్లలకు కార్డు దొరకడమే గగనమైంది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియమ్ మైనింగ్ పద్ధతినే వదిలేసింది. ఒక్క రోజులో ఆ కార్డులకు పని పోయింది, పాత కార్డులు బజారు మీద పడ్డాయి. మైనింగ్ ఉండాలా వద్దా అన్నది కూడా మైనర్ చేతిలో ఉండదు.

మరి అప్పుడప్పుడు పేపర్లో ‘చిన్న మెషిన్‌తో కోట్లు’ అని వచ్చే వార్తలు అబద్ధమా? కాదు. ఆస్ట్రేలియాకు చెందిన మత్తు డాక్టర్ కాన్ కొలివాస్ నడిపే సీకే పూల్‌లో, ఎవరి బ్లాకు వాళ్లకే దక్కే పద్ధతి ఉంది. 2022 జనవరిలో 126 టెరాహాష్‌ల చిన్న మైనర్ ఒకరికి అందులో 6.25 కాయిన్ల బ్లాకు తగిలింది. 2024 జులైలో సుమారు మూడు టెరాహాష్‌లతోనే మరొకరికి తగిలింది. ఇది కేరళ లాటరీ టికెట్ లాంటిది. గెలిచినవాళ్ల ఫొటో పడుతుంది, టికెట్లు కొన్న లక్షలమంది ఫొటోలు పడవు. బిట్‌యాక్స్ అనే అరచేతి బోర్డు 1.2 టెరాహాష్‌లిస్తుంది. దానితో ఏడాదంతా ప్రయత్నిస్తే బ్లాకు దొరికే అవకాశం దాదాపు 16 వేలలో ఒకటి.

అయినా మోజు తీరకపోతే ఆ బిట్‌యాక్స్ ఒక్కటే కొనుక్కో. పద్దెనిమిది వాట్లే కాబట్టి నెలకు పదమూడు యూనిట్లతో పోతుంది. దాని డిజైన్ అందరికీ తెరిచిపెట్టారు, బోర్డు బొమ్మలు చదవొచ్చు, ఫర్మ్‌వేర్ మార్చి చూడొచ్చు. ఎస్9 అలా కాదు. 75 డెసిబెల్స్ చప్పుడుతో, 1,350 వాట్ల వేడిని గదిలోకి కుమ్మరిస్తుంది. కెనడాలోనో మిన్నెసొటాలోనో కరెంటు హీటరు పెట్టుకునేవాళ్లకు చలికాలం ఆ వేడి పనికొస్తుంది, హీటరుకు పెట్టే కరెంటే కాయిన్లో కొంత తిరిగిస్తుంది. మే నెలలో విజయవాడ మేడగదిలో ఆ వేడిని బయటికి పంపడానికి ఇంకో బిల్లు కట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మెషిన్ మీ ఇంట్లో అక్కర్లేదు, డబ్బు కడితే మేమే మైన్ చేసి నెలనెలా పంపుతామనే స్కీముల జోలికి పోవద్దు. 2015లో అమిత్ భరద్వాజ్ మొదలుపెట్టిన గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు పది శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని ఊరించింది. వేల కోట్ల మోసమని కేసులు నడుస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరవైకి పైగా చోట్ల సోదాలు చేసింది. ఎస్టోనియాలో హాష్‌ఫ్లేర్ నడిపిన ఇద్దరు 57 కోట్ల డాలర్లకు పైగా కాంట్రాక్టులు అమ్మి, చెప్పినంత శక్తి తమ దగ్గర లేదని 2025లోనే అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

నేర్చుకునే దారి ఇప్పుడు చెబుతాను, పైసా ఖర్చు లేదు. బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ దించుకుని రెగ్‌టెస్ట్ మోడ్‌లో నడుపు. అది నీ లాప్‌టాప్‌లోనే ఉండే ఉత్తుత్తి నెట్‌వర్క్. కోరినప్పుడు కొత్త బ్లాకు పుడుతుంది, హెడర్‌లోని ఆరు గడులూ విప్పి చూడొచ్చు. దాని పక్కనే పైథాన్‌లో పది లైన్ల ప్రోగ్రాం రాయి. ఒక వాక్యం చివర అంకె మారుస్తూ ఎస్‌హెచ్ఏ-256లో వేసి, మొదట్లో నాలుగు సున్నాలు వచ్చేదాకా లెక్కపెట్టాలి. సగటున 65 వేల ప్రయత్నాలు పడతాయి. ఐదు సున్నాలకు పదిన్నర లక్షలు, ఆరింటికి కోటీ అరవై ఎనిమిది లక్షలు. ఆరో సున్నా దగ్గర లాప్‌టాప్ ఫ్యాను గట్టిగా తిరగడం వినిపిస్తుంది. అసలు నెట్‌వర్క్‌లో ఇప్పుడు కావాల్సినవి దాదాపు పంతొమ్మిది సున్నాలు.

ఈ సెలవుల్లో ఆ ప్రోగ్రాం రాసి, ఎన్ని సున్నాలకు ఎన్ని ప్రయత్నాలు, ఎంత సమయం పట్టిందో పట్టిక వేసి పంపు. ఏ సున్నా దగ్గర ఆగిపోయావో కూడా రాయి. తప్పులుంటే దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య