పరిశోధకుడికి మార్కులు వేసేదెవరు?

పరీక్ష రాస్తే మీకు మాస్టారు మార్కులు వేస్తారు. మరి ఒక డాక్టరు గుండెజబ్బుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశాడనుకోండి. ఆయన పని మంచిదో కాదో తేల్చేదెవరు? ఆయనకు మార్కులు వేసేదెవరు?

తోటి పరిశోధకులే! ఎలాగో చూద్దాం.

పరిశోధకుడు తాను తెలుసుకున్న సంగతిని వ్యాసంగా రాసి శాస్త్ర పత్రికకు పంపుతాడు. ఆ రంగం తెలిసిన కొందరు దాన్ని చదివి, తప్పులుంటే ఎత్తిచూపుతారు. బాగుందనుకుంటేనే అచ్చవుతుంది. తర్వాత అదే విషయం మీద పనిచేసేవారు, “ఈ సంగతి ఫలానా వ్యాసంలో ఉంది” అని తమ వ్యాసంలో రాస్తారు. దీన్నే ‘ప్రస్తావన’ అందాం. ఎక్కువ ప్రస్తావనలు వస్తే ఆ వ్యాసం ఎక్కువమంది దృష్టిలో పడిందన్నమాట. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1960లలో ఈ ప్రస్తావనలను లెక్కగట్టి పట్టికలుగా అచ్చువేయటం మొదలుపెట్టారు.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు మరో లెక్క చెప్పాడు. దాని పేరు ‘హెచ్-సూచిక’. ఒకరు అయిదు వ్యాసాలు రాశారు. వాటికి వరసగా 10, 8, 5, 4, 1 ప్రస్తావనలు వచ్చాయి. కనీసం నాలుగేసి ప్రస్తావనలు వచ్చిన వ్యాసాలు నాలుగున్నాయి కదా! కాబట్టి ఆయన సూచిక 4. ఇంకొకరు రెండే వ్యాసాలు రాశారు. ఒకదానికి 500, రెండోదానికి 1 వచ్చాయి. ఆయన సూచిక 1 మాత్రమే! మరి ఇద్దరిలో ఎవరు గొప్ప? చూశారా, లెక్క సులువే, తీర్పు చెప్పటమే కష్టం.

ఇప్పుడు నిజమైన ఉదాహరణ చూద్దాం. డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి తెలుగువారు. హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో గుండెజబ్బుల విభాగానికి అధిపతిగా పనిచేశారు. 1998లో ఆయన, సలీం యూసుఫ్ కలిసి ‘సర్క్యులేషన్’ అనే పత్రికలో ఒక వ్యాసం రాశారు. గుండెజబ్బులు ధనిక దేశాలవే కావు, మనలాంటి దేశాల్లోనూ పెరిగిపోతున్నాయని అందులో హెచ్చరించారు.

“పట్నంలో సరే, పల్లెల్లో కూడానా?” అని మీకు అనుమానం రావచ్చు. ఆ అనుమానం తీర్చాలంటే పల్లెల్లోనే లెక్క తీయాలి. అలాగే తీశారు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, 12 నెలలపాటు జరిగిన మరణాలను నమోదు చేశారు. మొత్తం 1,354. పల్లెల్లో చాలామంది ఇంట్లోనే కన్నుమూస్తారు, కారణం రాసిపెట్టే డాక్టరు ఉండడు. అందుకని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటివాళ్లను కలిసి, చివరి రోజుల్లో ఏ బాధలున్నాయో అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు చదివి డాక్టర్లు కారణం నిర్ణయించారు.

ఫలితం ఏమిటో తెలుసా? నూటికి 32 మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. గుండెపోటు, పక్షవాతం వంటివన్నమాట. అంటువ్యాధుల వాటా 12 మాత్రమే. ఈ వ్యాసం 2006లో వెలువడింది. మొదటి రచయిత రోహినా జోషీ. శ్రీనాథ్ రెడ్డి సహరచయితల్లో ఒకరు. అదే ఏడాది స్థాపించిన భారత ప్రజారోగ్య సంస్థకు ఆయన తొలి అధ్యక్షులయ్యారు.

ఇలాంటి వ్యాసానికి వచ్చే ప్రస్తావనలు రచయితలందరి ఖాతాలోనూ పడతాయి. ఎవరు ఎంత పనిచేశారో ఆ లెక్క చెప్పదు. ఎండలో ఇంటింటికీ తిరిగిన కార్యకర్త కష్టం అందులో కనిపించదు. పైగా, “ఈ వ్యాసం తప్పు” అని చెప్పటానికి పేరెత్తినా అదీ ఒక ప్రస్తావనే! అందుకే అంకె చూసి ఆగిపోకూడదు. ఆ వ్యాసం ఏం చెప్పిందో, ఎలా తెలుసుకుందో చదవాలి.

“గోదావరి సంగతి మాకెందుకు?” అని నరసరావుపేట, మాచర్ల, గురజాల పిల్లలు అడగవచ్చు. ఆ 45 గ్రామాల్లో పల్నాడు ఊరు లేదు, నిజమే. కాని గుండెలో నొప్పి వస్తే మన పల్లెల నుంచీ నరసరావుపేటకో గుంటూరుకో పరుగు పెట్టవలసిందే. రక్తపోటు ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. మీ తాతయ్య, నాయనమ్మ రక్తపోటు చూపించుకుని ఎన్నాళ్లయింది? ఈరోజే అడగండి. వాళ్లు ఆరోగ్య కేంద్రానికి బయలుదేరితే, ఆ పరిశోధనకు మీరు వేసిన మార్కు అదే.

మీరూ లెక్క కట్టండి: ఒక పరిశోధకురాలి అయిదు వ్యాసాలకు 30, 12, 6, 3, 2 ప్రస్తావనలు వచ్చాయి. ఆమె హెచ్-సూచిక ఎంత?

(జవాబు: 3)